పుట్టింటికి బయల్దేరిన పియానో

"ఆ దుప్పటి నాది," అంది చిన్నకోడలు గుమ్మంలోంచే.

తాడు ముడి వేస్తున్న పెద్దకోడలు చెయ్యి ఆగింది. తల మాత్రం ఎత్తలేదు. డిజిటల్ పియానో అప్పటికే సగం మూటలో ఉంది. మెట్లన్నీ దుప్పటి కింద పడుకున్నాయి. కరెంటు తీగ చుట్టగా చుట్టి కిటికీలో పెట్టి ఉంది.

"అత్తయ్యా, ఆవిడ దుప్పటి ఆవిడకి విప్పి ఇచ్చెయ్యమంటారా?"

అత్తగారు వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది.

"ఎదురుగా నిలబడి ఉంది కదే. నువ్వే అడుగు."

"మాకు మాటల్లేవు కదా."

"మీకు లేవు. వారం రోజులుగా మీ ఇద్దరి మాటలూ నేనే మోస్తున్నా. నా నోరు అరిగిపోతోంది."

చిన్నకోడలు బూట్లు విప్పి గోడవారగా పెట్టింది. పొద్దుటి ట్రిప్పులు ముగించి, డిపోలో బస్సు అప్పగించి నేరుగా వచ్చింది. డ్రైవరు చొక్కా ఇంకా ఒంటిమీదే ఉంది.

"అత్తయ్యా, సాయంత్రం హాలుకి పోవాల్సిన పియానోకి ఈ మూటేంటో అడగండి. హాలుకైతే దాని సంచీ దానికుంది."

"హాలుకి కాదు. మా పుట్టింటికి," అంది పెద్దకోడలు తాడుతో చెప్తున్నట్టు.

అత్తగారు గరిటె దించేసింది.

"అలిగిన కోడలు పుట్టింటికి పోతుందని విన్నాను. కోడలు ఇంట్లో కూర్చుని పియానోని పంపించడం ఇదే చూడ్డం."

"నేనెందుకు పోతాను అత్తయ్యా? ఇది నా ఇల్లు. అలిగింది నేను కాదు, నా చెయ్యి."

"మరి సాయంత్రం?" చిన్నకోడలి గొంతు ఈసారి అత్తగారి వైపు తిరగడం మరిచిపోయింది. వెంటనే తిప్పుకుంది. "సాయంత్రం సంగతేంటో అడగండి."

"సాయంత్రం అందరూ వస్తారు. డ్రమ్స్ అతను వస్తాడు, ట్రంపెట్ ఆవిడ వస్తుంది. మనం లేకపోతే కొంపలేం మునగవు."

"'మనం' అంది. విన్నారా అత్తయ్యా?"

పెద్దకోడలు ముడి గట్టిగా బిగించింది.

పెద్దవాడు గది మూలన బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. అతను గడియారాలు బాగుచేస్తాడు. సెలవురోజున కూడా ఏదో ఒక గడియారం పొట్ట విప్పుకుని కూర్చుంటే గానీ తోచదు. అడకత్తెరలో పోకచెక్కలా వారం నుంచీ నలుగుతున్నాడు. ఇవాళ ధైర్యం చేశాడు.

"ఒక్క మెట్టే కదా. దానికోసం ఇంత..."

"ఏమండీ," అంది పెద్దకోడలు నెమ్మదిగా. "మీ దుకాణంలో మీ సన్నపట్టకారు ఎవరైనా అడక్కుండా తీశారనుకోండి."

"తీస్తే ఊరుకోను."

"ఆ."

పెద్దవాడు కంటికి భూతద్దం పెట్టుకుని మళ్ళీ గడియారంలోకి దిగిపోయాడు.

గొడవంతా ఆ ఒక్క మెట్టు దగ్గరే.

ఈ తోడికోడళ్ళు వాయించేది బ్లూస్. జాజ్ వాళ్ళు వాయించే బ్లూస్. అందులోనూ మోడల్ పద్ధతి. అంటే ఒక వరస స్వరాలు పట్టుకున్నాక పాట అయ్యేదాకా వాటిమీదే నిలబడాలి. తొందరపడి అటూ ఇటూ గెంతకూడదు. వీళ్ళ వరస డి నుంచి పై డి దాకా, అన్నీ తెల్లమెట్లే. పాటకి పన్నెండు గడులు. పన్నెండూ అయితే మళ్ళీ మొదటి గడి. చిన్నకోడలు ఎడమవైపు కూర్చుని కింది స్వరాలు నడుపుతుంది. పెద్దకోడలు కుడివైపు కూర్చుని పైన తనకి తోచింది పలికిస్తుంది.

నల్లమెట్లలో వాళ్ళకి పనికొచ్చేది ఒక్కటే. జి కీ ఏ కీ నడుమ ఉంటుంది. పాటలో ఉప్పంతా అందులోనే ఉంది. పెద్దకోడలు దాన్ని పది గడులు దాచి దాచి, పదకొండో గడిలో ఒక్కసారి తీస్తుంది. వేలు నల్లమెట్టు మీద పడీ పడకముందే జారి పక్కనున్న తెల్లమెట్టు మీద వాలుతుంది. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే చెయ్యి అది. ఎంత ఒత్తాలో దానికి తెలుసు.

చిన్నకోడలు కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు వాయించడం నేర్పింది పెద్దకోడలే. "నల్లవాటి జోలికి పోకు. అవి నేను చూసుకుంటా," అంది అప్పుడు. నేర్పడం సులువని అన్న మాట. ఏళ్ళు గడిచేసరికి అది ఆ ఇంట్లో చట్టమైంది.

పోయిన వారం చిన్నకోడలు ఆ చట్టం దాటింది. తొమ్మిదో గడి చివర నల్లమెట్టు నొక్కింది. రికార్డు బటన్ ఎర్రగా వెలుగుతుండగా నొక్కింది. పెద్దకోడలు దుకాణానికి టైమైందని లేచిపోతే, రెండోసారి వినకుండానే గుంపుకి పంపేసింది.

గుంపంటే పాటలు పంచుకునేవాళ్ళు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసి ఎరగరు. ఇవాళ సాయంత్రమే మొదటిసారి అందరూ ఒక హాల్లో కలిసి వాయించబోతున్నారు. వీళ్ళు పియానో పంపితే ఒకాయన దానిమీద డ్రమ్స్ వేస్తాడు, ఒకావిడ ట్రంపెట్ ఊదుతుంది. ఎవరికి తోచింది వాళ్ళు కలిపి తిరిగి పంపుకుంటారు. డ్రమ్స్ ఆయన పొద్దున పూట రొట్టెల వ్యాను నడుపుతాడట. పియానోని తీసుకెళ్ళడానికి వచ్చేదీ ఆ వ్యానే. పోయిన వారం ఆయన దగ్గర్నుంచి మాట వచ్చింది.

"తొమ్మిదో గడి చివర ఆ ఎడమచెయ్యి ఎవరిదండీ? వ్యాను పక్కకి ఆపుకుని మళ్ళీ విన్నాను."

పదకొండో గడి గురించి ఎవరూ ఏమీ అనలేదు.

"అత్తయ్యా," అంది చిన్నకోడలు, "ఆ మెట్టు పియానో మీద ఏడు చోట్ల ఉంది. ఏడూ ఆవిడవేనా?"

"ఏడూ నావే అని చెప్పండి."

"నేను ముట్టుకున్నది అట్టడుగుది. ఆవిడ చెయ్యి అంతదూరం రానే రాదు."

"రాకపోతే? పెట్టెలో అడుగున దాచుకున్న చీర కట్టుకోనంత మాత్రాన ఎవరిదైనా అయిపోతుందా?"

"ఆగండే," అంది అత్తగారు. "ఇద్దరూ ఒకేసారి చెప్తే నేనెవరిది మొయ్యాలి?"

చిన్నకోడలు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ పిల్ల గొంతు ఎప్పుడూ పెద్దదే. బస్సు వెనక సీటుదాకా వినపడాలి కదా.

"ఏ లోంచి జి కి దిగుతున్నా అత్తయ్యా. నడుమ అదుంది. మలుపు వచ్చినప్పుడు స్టీరింగ్ తిప్పమని నా చేతికి ఎవరైనా చెప్పాలా? తిరిగింది. అది తప్పు స్వరమైతే ఇప్పుడే చెప్పమనండి. ఇక్కడే, ఈ చొక్కాలోనే క్షమాపణ చెప్తాను."

పెద్దకోడలు మూట అంచు సర్దింది.

"తప్పా అని అడగండి."

"తప్పని నేను అనలేదు," అంది పెద్దకోడలు.

"మరి?"

"అడగలేదు అన్నాను."

"అడిగితే ఇచ్చేదా?"

ఆ ప్రశ్నని మొయ్యడానికి అత్తగారు కూడా ముందుకి రాలేదు.

"సరే," అంది చిన్నకోడలు లేచి. "పియానో ఇద్దరం కలిసి కొన్నాం. అయినా పట్టుకుపోనీండి. కానీ ఈ కూర్చునే బల్ల నాది. పెడల్ నాది. దుప్పటి ఎలాగూ నాదే."

"పెడల్ లేకపోతే అది మోగదా?" అంది అత్తగారు.

"మోగుతుంది. స్వరానికి గుక్క నిలవదు."

"నిలవకపోతే పోయింది. తీసుకోమనండి," అంది పెద్దకోడలు. వంగి పెడల్ తీగ పీకబోయింది. తీగ రాలేదు. చిన్నకోడలికి తెలుసు, దాన్ని ఒకవైపు తిప్పి లాగాలి. చెప్పలేదు. నిలబడి చూసింది.

అప్పుడు పక్కగది తలుపు తెరుచుకుంది.

పెద్దాయన లుంగీ సవరించుకుంటూ వచ్చాడు. ఆసుపత్రిలో రాత్రి పూట లిఫ్టు నడుపుతాడు. పగలు పడుకుంటాడు. ఆయన నిద్ర కోసమే ఆ ఇంట్లో పియానో ఇన్నేళ్ళూ నోరు మూసుకుని ఉంది. దానికి హెడ్‌ఫోన్స్ పెట్టుకునే కన్నాలు రెండున్నాయి. చెరొకటీ పెట్టుకుని ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే, చూసేవాళ్ళకి మెట్ల మీద వేళ్ళ దెబ్బలు తప్ప ఏమీ వినపడేది కాదు. పాట వాళ్ళిద్దరి చెవుల్లోనే ఉండేది. గుంపు విన్నది గానీ, ఇల్లు వినలేదు.

"నిద్ర చెడగొట్టామా మామయ్యా?" అంది పెద్దకోడలు తీగ వదిలేసి.

"చెడగొట్టడానికి పడితే కదా."

ఆయన మాటలు లెక్కపెట్టుకుని వాడే మనిషి. ఆ ఒక్కటీ అని కూర్చున్నాడు. అందరూ చూస్తున్నారు. ఇక తప్పదన్నట్టు మిగతాది చెప్పాడు.

"వారం నుంచీ నిద్రలేదు. గోడవతల టకటక లేదు. అది ఉంటే పడుతుంది."

"అయ్యో రాత!" అంది అత్తగారు. "మీకు నిద్ర పట్టదనే కదా వీళ్ళ చెవులకి ఆ డొప్పలు తగిలించింది!"

"డొప్పలు బానే ఉన్నాయి. టకటక కావాలి."

చిన్నకోడలికి నవ్వొచ్చింది. ఆపుకోవడానికి పక్కకి చూసింది. అక్కడ పెద్దకోడలి మొహం ఉంది. అదీ నవ్వు ఆపుకుంటోంది. ఇద్దరూ చటుక్కున చెరో వైపు తిరిగిపోయారు.

"పోయినవారం ఒక దెబ్బ కొత్తగా పడింది," అన్నాడు పెద్దాయన. "లేచి కూర్చున్నా."

"బాగుందా మామయ్యా?" అంది చిన్నకోడలు ఆత్రంగా.

"నిద్ర చెడింది."

"చూశారా!" అంది పెద్దకోడలు.

"బాగాలేదని అనలేదు," అన్నాడాయన. తరవాత మూట వంక చూశాడు. "ఎక్కడికైనా పంపుకోండి. పోయేముందు ఒకసారి వాయించండి."

"హెడ్‌ఫోన్స్ రెండే ఉన్నాయి మామయ్యా."

"అవెందుకు? నేను మేలుకునే ఉన్నానుగా."

పెద్దవాడు భూతద్దం తీసి, కిటికీలోంచి తీగ అందుకుని గోడకి తగిలించాడు. అడకత్తెరలోంచి బయటపడ్డ పోకచెక్క అంత హుషారుగా తగిలించాడు. పెద్దకోడలు తాడు విప్పింది. చిన్నకోడలు తన దుప్పటి తను మడిచింది. బల్ల నాది అన్న మనిషే దాన్ని తెచ్చి పియానో ముందు వేసి, కుడివైపు సగం ఖాళీగా వదిలి కూర్చుంది.

పెద్దకోడలు ఆ సగంలో కూర్చుంది. భుజాలు తగలకుండా ఇద్దరూ బిగదీసుకున్నారు. ఆ బల్లమీద అది కుదరని పని.

చిన్నకోడలు మొదలుపెట్టింది.

డి. గడికి రెండేసి దెబ్బలు. బరువుగా, నింపాదిగా, ఎక్కేవాళ్ళందరూ ఎక్కాక కదిలే బస్సులా. గోడవతల ఇన్నాళ్ళూ టకటకగా తిరిగిన దానికి ఇవాళ గొంతు వచ్చింది. నాలుగు గడులు అక్కడే నిలబడింది. అయిదో గడిలో జి కి వెళ్ళి వచ్చింది. దానిమీద పెద్దకోడలు తొందరేమీ లేకుండా రెండు స్వరాలు వేసి ఆగింది. మళ్ళీ మూడు వేసి ఆగింది. ఆ ఆగిన చోట్ల కూడా పాట ఉంది.

అత్తగారు నోరు తెరిచింది.

"ఇదా! ఇన్నాళ్ళూ మీరు చేసేది ఇదా! నేనింకా ఏదో టైపు నేర్చుకుంటున్నారనుకునేదాన్ని."

"అమ్మా, విననీ," అన్నాడు పెద్దవాడు.

తొమ్మిదో గడి వచ్చింది. చిన్నకోడలు ఏ నొక్కింది. రెండు దెబ్బలు. గడి చివరికి వచ్చింది. నల్లమెట్టు పక్కనే ఉంది. చెయ్యి దాన్ని దాటేసి జి మీద దిగింది.

సంగీతం తెలియని పెద్దవాడు కూడా తలెత్తాడు. చీకట్లో మేడ దిగుతూ ఇంకో మెట్టుందనుకుని కాలు వేసినట్టయింది.

పెద్దకోడలు సాగిపోయింది. పదకొండో గడిలో తన నల్లమెట్టు తను తీసింది. వేలు సరిగ్గానే జారింది. ఒత్తిడి సరిగ్గానే ఉంది. అయినా అది ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు చెప్పినట్టు ఒంటరిగా పలికి ఊరుకుంది.

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. ఇన్నేళ్ళూ అది ఒంటరిగానే పలికింది. ఒంటరితనం ఇవాళే వినపడింది. పోయినవారం కింద ఎవరో అడిగారు. పైన తను చెప్పింది. దుకాణానికి టైమైందన్న హడావుడిలో ఆ సంగతి చెవిన పడలేదు. తరవాత దొంగతనమొకటే గుర్తుంది.

పాట మళ్ళీ మొదటి గడికి వచ్చింది.

రెండో చుట్టులోనూ తొమ్మిదో గడి చివర చిన్నకోడలు అలాగే దాటేసింది. ఈసారి గడ్డం కూడా పైకెత్తింది.

"దిగవేం?" అంది పెద్దకోడలు.

అత్తగారి చేతిలో గరిటె ఆగింది. ఆ మాట తన ద్వారా పోలేదు.

"ఎక్కడికి?" అంది చిన్నకోడలు. చేతులు ఆపలేదు.

"ఏ లోంచి జి కి. గెంతుతున్నావేం మేకపిల్లలా?"

"నడుమది నాది కాదుగా."

"సాయంత్రం హాల్లో అందరి ముందూ ఇలాగే గెంతుతావా?"

"సాయంత్రం ఉందా అక్కా?"

అక్కా అన్న మాట విని వారమైంది. పెద్దకోడలు రెండు గడులపాటు ఒకే స్వరం మీద ఉండిపోయింది. మోడల్ పద్ధతిలో అది తప్పు కాదు.

"అడుగు," అంది చివరికి. "అడిగితే ఇస్తాను."

"అడగను."

"ఎంత పొగరే!"

"పొగరు కాదు. ఇందాక అన్నావు, ఇది నా ఇల్లు, నేనెందుకు పోతానని. నాదీ ఇదే ఇల్లు. సొంత ఇంట్లో ఏ మెట్టు మీద కాలెయ్యాలన్నా ఎవరైనా అడుగుతారా? నేర్చుకునేటప్పుడు వద్దన్నావు, మానేశాను. ఇప్పుడు నేర్చుకోవడం లేదక్కా. వాయిస్తున్నాను."

పెద్దాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడో వింటున్నాడో తెలియదు. ఆయన బొటనవేలు మాత్రం నేలమీద గడికి రెండుసార్లు కదులుతోంది.

వీధిలో హారన్ మోగింది.

పెద్దవాడు వెళ్ళి తలుపు తీశాడు. రొట్టెల పొడి అంటిన చొక్కాతో ఒక బక్కపల్చని మనిషి లోపలికి తొంగి చూశాడు. పాట విన్నాడు. నమస్కారం చెయ్యబోయిన చేతులు దారిలోనే ఆగిపోయి తలుపు చెక్కమీద వాలాయి. రెండు వేళ్ళు వాటంతటవే తాళం వెయ్యడం మొదలుపెట్టాయి.

"మీరేనా!" అన్నాడు. "ఇంతకీ ఆ ఎడమచెయ్యి..."

చూస్తే తెలుస్తూనే ఉంది. ఆయన తలూపి, నేలమీద తాడునీ, కుర్చీమీద దుప్పటినీ చూసి కాస్త తికమకపడ్డాడు.

"వ్యాను వీధికి అడ్డంగా పెట్టొచ్చానండీ, వెనక కారువాడు అరుస్తున్నాడు. పియానో తిన్నగా హాలుకేనా? ఇంకెక్కడికో పోవాలన్నారు ఫోన్లో. ఎక్కడికో చెప్తే..."

పన్నెండో గడి అయిపోయింది. కొత్త చుట్టు మొదలైంది.

"ఉండండి," అంది పెద్దకోడలు, వెనక్కి తిరక్కుండానే. "తొమ్మిదో గడి దాటనివ్వండి. చెప్తాను."

ఆయనకి అర్థమైంది. వెనక కారువాడు అరుస్తున్నా కదల్లేదు. తాళం తప్పలేదు.

నాలుగు గడులు డి మీద నడిచాయి. జి కి వెళ్ళింది. వెనక్కి వచ్చింది. అత్తగారు వేళ్ళు మడుస్తోంది. ఏడో వేలు మడిచింది.

ఎనిమిదో గడిలో పెద్దకోడలు తన రెండు చేతులూ మెట్ల మీంచి ఎత్తేసింది. ఒళ్ళో పెట్టుకుంది. పైన ఇంకేమీ లేదు. పాటంతా కిందే ఉంది.

చిన్నకోడలి ఎడమచెయ్యి ఏ మీద పడింది. ఒక దెబ్బ. రెండో దెబ్బ.

తలుపు చెక్కమీద వేళ్ళు ఆగాయి. నేలమీద బొటనవేలు ఆగింది.

నల్లమెట్టు పక్కనే ఉంది.